కావడిలో అత్త రాయి

మా మనవరాలు విమానాల తోకలు చేసే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. రెక్కలు ఒక దేశంలో, ఇంజను ఇంకో దేశంలో, తోక మాత్రం మా ఆదిబట్ల పక్కన తయారవుతుందట. అన్నీ ఒకచోట చేర్చి అతికిస్తారట. మనవరాలు పొద్దున కంపెనీ బస్సెక్కి పోయి, సాయంత్రం ఇబ్రహీంపట్నం చౌరస్తాలో దిగి, మిర్చి బజ్జీల పొట్లంతో ఇంటికొస్తుంది. పోయిన ఆదివారం నేను చపాతీలు ఒత్తుతుంటే పక్కన చేరింది. శంషాబాద్ వైపు దిగుతున్న విమానం చప్పుడు విని, "అమ్మమ్మా, గది గాల్ల ఎట్ల ఆగుతదో ఎర్కేనా?" అంది. తెలియదని ఒప్పుకోవడానికి నాకెప్పుడూ నామోషీ లేదు. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్నే కాని, నా లెక్కలన్నీ నేల మీద నడిచేవి.

అది నా చేతిలోంచి అప్పడాల కర్ర లాక్కుని చూపుడు వేలు మీద అడ్డంగా నిలబెట్టింది. "రెక్కలు పైకి లేపుతయి, బరువు కిందికి గుంజుతది. ఇంజను ముందుకు నూకుతది, గాలి ఎనుకకు గుంజుతది. పైకీ కిందికీ సమానమై, ముందుకూ ఎనుకకూ సమానమైతె విమానం సక్కగ, ఒక్కతీరుగ పోతది" అంది. ఇంతవరకు నాకూ బోధపడింది. "గని గంతనే సాలదు. యాడ వట్టి గుంజుతున్నయో గది గూడ సూడాలె. బరువేమో జర ముందర, రెక్కల లేపుడు జర ఎనుక. గందుకు ముక్కు ఎప్పుడు కిందికి వంగాల్ననే సూస్తది" అంటూ కర్రను ముందుకు జరిపింది. ముందు కొస వాలిపోయింది. అయితే తోక వెనకనుంచి పైకి లేపి కాపాడుతుందేమో అన్నాను. పక్కున నవ్వింది. "ముందట వాలుతుంటె ఎనుక పైకి లేపుతరా అమ్మమ్మా? తోక కిందికి నొక్కుతది" అని, వెనక కొసను చిటికెన వేలితో అలా తాకించింది. కర్ర సమంగా నిలబడింది.

నాకు ఒక పట్టాన మింగుడుపడలేదు. ఎగిరేదాన్ని పట్టుకుని కిందికి నొక్కడమేమిటి? ఆ నొక్కుడు భారం కూడా మళ్ళీ ఆ రెక్కలే మొయ్యాలి కదా? అదే అడిగాను. "అవ్, రెక్కలే మోస్తయి. గని నొక్కకపోతె పైకి పోతదనుకున్నవా? ముక్కు కిందికి వెట్టి పడ్తది" అంది. అంత పెద్ద విమానాన్ని అంత చిన్న తోక ఎలా పట్టగలదని అడగబోయాను. ఇంతలో పెనం మీద చపాతీ మాడింది, దానికి ఫోనొచ్చింది, మాట అక్కడే ఆగిపోయింది. నేను మాత్రం ఆ కర్ర పట్టుకుని పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఇంత గట్టిగా తలపుకు రాని మా మేనత్త ఆరోజు వచ్చి నా పక్కన కూర్చుంది.

మేనత్త అంటే మా బాపుకు అక్క. పెళ్ళైన కొన్నాళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. మా తమ్ముణ్ణి కని మా అమ్మ కన్నుమూశాక మా ఇద్దరికీ అమ్మ ఆమే అయింది. మనిషి పొడుగు, చామనఛాయ. దగ్గరికి పోతే ఎండుచేపల వాసన, పొగాకు వాసన కలిసి వచ్చేవి. ఈ మాట చెబితే మా మనవరాలు ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం లోకంలో అంతకంటే ధైర్యమిచ్చే వాసన ఇంకోటి లేదు. గట్టిగా నవ్వడం, గట్టిగా ఏడవడం రెండూ ఆమెకు చేతకాదు. బాపు సరిగ్గా ఆమెకు తిరగేసిన మనిషి. వల విసిరితే పాట, కావడి ఎత్తితే పాట, చేప పడితే సంబరం, పడకపోతే చేప మీద జోకులు. ఎవరైనా "పోదాం పా" అంటే ఎక్కడికని అడగకుండా లేచేవాడు. లేచిన ప్రతిసారీ అత్త చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడేది. "కూసో తమ్మీ" అనేది. ఆయన గొణుక్కుంటూ కూర్చునేవాడు.

మేము పెద్ద చెరువు మీద బతికేవాళ్ళం. బాపు పట్టిన చేపల్ని కావడిలో పెట్టుకుని మన్నెగూడ, రావిర్యాల, కొంగర వైపు తిరిగి, చేపలిచ్చి జొన్నలు తెచ్చేవాడు. కావడికి ఒక పక్క తడిగంప, ఇంకో పక్క పొడిగంప. తడిగంపలో చేపలు, పొడిగంపలో గింజలు; ఒకదానిది ఇంకోదానిలో పెడితే గింజలు నాని మొలకెత్తుతాయి కాబట్టి మా ఇళ్ళల్లో ఆ రెండిటినీ కలిపేవాళ్ళు కాదు. దీనివల్ల ఒక చిక్కు వచ్చేది. పోయేటప్పుడు పొడిగంప ఖాళీ, వచ్చేటప్పుడు తడిగంప ఖాళీ. అందరూ ఖాళీ వైపు చేత్తో అదిమి పట్టుకుని భుజం నొప్పులతో నడిచేవాళ్ళు. మా అత్త అలా ఒప్పుకోలేదు. చెరువుకట్ట మీద ఏరి తెచ్చిన నున్నటి రాయి ఒకటి, కొబ్బరికాయంతది, ఖాళీ గంపలో పెట్టేది. ఆ గంపను కావడిబద్ద చివరిదాకా జరిపి, బరువు గంపను భుజానికి దగ్గరగా లాగి కట్టేది. "రాయి దూరం కట్టాలె. దూరముంటె జరంత రాయి సాలు" అనేది. "చేపలు మోస్త, జొన్నలు మోస్త, ఈ రాయి మోసుడేందే అక్కా?" అని బాపు రోజూ అడిగేవాడు. "మోయి" అని ఆమె రోజూ అనేది. ఊరంతా దాన్ని అక్క రాయి అనేవాళ్ళు, నేనూ తమ్ముడూ అత్త రాయి అనేవాళ్ళం.

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. రజాకార్లమని చెప్పుకుంటూ ఎవరెవరో గుర్రాల మీద వచ్చేవాళ్ళు. అటు నల్లగొండ వైపు గుట్టల్లో వాళ్ళతో పోరాడే సంఘపోళ్ళు తిరుగుతున్నారని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు ఆ గుర్రాలవాళ్ళు కట్ట మీద బాపు గంప లాక్కుని, మంచి చేపలు ఏరుకుని, మిగిలినవి మట్టిలో గుమ్మరించి పోయారు. బాపు ముఖం ఎర్రబడింది, చెయ్యి బద్ద మీదికి పోయింది. అత్త చెయ్యి భుజం మీద పడింది. వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆ రోజునుంచి బాపు పాటల్లో ఏదో మారింది. ఆయనతో కలిసి వల లాగే దోస్తు ఒకాయన సంఘంలో కలిశాడు. అటునుంచి "రా" అని కబుర్లు వస్తుండేవి. మా అత్త పిరికిది మాత్రం కాదు. గుట్టల్లో ఉన్నవాళ్ళకు జొన్నరొట్టెలు చేసి, పొడిగంప అడుగున గుడ్డ కింద పెట్టి పంపింది ఆమే. రొట్టెలు పోవచ్చు, బాపు పోకూడదు, అదీ ఆమె పట్టు.

"అందరు పోతుండ్రు. నేనొక్కన్నే ఆడిదాని తీర్గ ఇంట్ల కూసోవాల్నా?" అని ఒకసారి బాపు గొంతు పెంచాడు.

"ఆడిది ఎప్పుడు కూసున్నదిరా ఇంట్ల? నేనెప్పుడన్న కూసున్ననా?" అంది అత్త, వల చిక్కులు విప్పుతూ. "తల్లి లేని పిల్లలు. నువ్వు పోతె వీళ్ళకు ఎవలున్నరు? చెప్పి పో."

బాపు చెప్పలేదు, పోలేదు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళుంటాయి. బాపు పోకూడదని లోపల దేవుడికి మొక్కుకునేదాన్ని, పైకి మాత్రం పాపం బాపును అత్త కట్టేస్తోందని ఆయన వైపు చేరేదాన్ని. చిన్నపిల్లలకు రెండు పక్షాల్లోనూ ఉండడం సులువు.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. పోలీస్ యాక్షన్ అని తర్వాత పేరు తెలిసింది కాని, మాకు ముందు తెలిసింది విమానం. మధ్యాహ్నం కట్ట మీద ఉన్నాం. ఆకాశంలో పిండిగిర్ని తిరిగినట్టు చప్పుడు. అందరూ తుమ్మపొదల్లోకి పరుగెత్తారు. బాపు ఒక్కడు భుజాన కావడితో కదలకుండా తల పైకెత్తి నిలబడిపోయాడు. ఆయన ముఖంలో భయం లేదు. ఆ రెక్కలు ఒక్కసారి కూడా కొట్టుకోకుండా, అటూ ఇటూ ఊగకుండా అది నీళ్ళ మీదుగా సాఫీగా పోతుంటే, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు. "సూసినవానే, ఎట్ల పోతున్నదో!" అన్నాడు నాతో. వెనకనుంచి అత్త పరుగెత్తుకొచ్చి, కావడి వెనక కొస పట్టుకుని ఆయన్ని కిందికి గుంజి కూర్చోబెట్టింది.

విమానం మా మీద ఏమీ వెయ్యలేదు. మా కొంప ముంచింది మేమే. కట్ట మీద ఊళ్ళోవాళ్ళందరి చేపలు ఎండబోసి ఉన్నాయి. తెల్లగా మెరిసే చేపలు పైనుంచి కనబడితే ఇక్కడ జనం ఉన్నారని బాంబు వేస్తారని ఎవరో అన్నారు. బాపుకు ఆ మాట తగలగానే అంటుకుంది. ఇంటింటికీ తిరిగి గొంగళ్ళు, బొంతలు తెప్పించి, చేపలన్నీ కప్పించాడు. "కప్పితె కుళ్ళుతయిరా, జర ఆగు" అని అత్త మొత్తుకుంది. ఆ ఒక్కసారి ఆమె చెయ్యి భుజం మీద నిలవలేదు. యుద్ధం కొద్దిరోజుల్లోనే అయిపోయింది. ఎవరికీ గొంగళ్ళు తియ్యాలని తోచలేదు. అందరూ తురాయిలు పెట్టుకుని ఊరేగింపుల్లో తిరుగుతున్నారు. వాన కురిసింది, ఎండ కాసింది. తర్వాత గొంగళ్ళు ఎత్తితే వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చరిత్ర పుస్తకాల్లో ఆ రోజుల గురించి చాలా రాశారు, ఈ వాసన గురించి ఎవరూ రాయలేదు. గొంగళ్ళు కూడా పారెయ్యాల్సి వచ్చింది. చలికాలానికి దాచుకున్న ఎండుచేపలు పోయాయి, అవి లేకపోతే జొన్నలు లేవు. ఊళ్ళో ఎవరూ బాపును ఏమీ అనలేదు, అదే ఆయనకు మరీ కష్టమైంది.

గింజల కోసం అత్త తానే తలమీద చేపల గంప పెట్టుకుని రావిర్యాల దాకా పోవడం మొదలుపెట్టింది. అక్కడ మావాళ్ళలోనే ఒకాయన, సేద్యగాడు, భార్య పోయినవాడు, ఇచ్చిన చేపల కంటే నాలుగు దోసిళ్ళు ఎక్కువే పోసేవాడట. మా అత్త ఆ ఎక్కువ దోసిళ్ళు తిరిగి ఇచ్చేసి వచ్చేదట. కొన్నాళ్ళకు ఆయనే పెద్దమనుషుల్ని తీసుకుని మారుమనువు అడగడానికి వచ్చాడు. మా కులంలో మొగుడు పోయినవాళ్ళకు మళ్ళీ పెళ్ళి చెయ్యడం ఉన్నదే. బాపు ఎగిరి గంతేశాడు. తన అక్కకు ఒక ఇల్లు దొరుకుతుందని ఆయనకు నిజంగానే సంతోషం. అత్త మాత్రం ఔననలేదు, కాదనలేదు. ఆయన వచ్చినప్పుడల్లా తలుపు వెనక నిలబడి వినేది. ఆమె ముఖంలో నేను అంతకుముందెప్పుడూ చూడని మెరుపు ఒకటి వచ్చి పోయేది. చివరికి ఒక సాయంత్రం వాకిట్లో బాపును నిలబెట్టి అడిగింది.

"నేను పోతె నువ్వు ఉంటవా?"

"ఉంట."

"పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు."

బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "ఉంట అక్కా" అన్నాడు. ఆ మాట మీద ఆమె వెళ్ళింది. పోయేముందు జొన్నలు ఎక్కడున్నాయో చెప్పింది, తమ్ముడి దగ్గుకు ఏం పెట్టాలో చెప్పింది, కావడి ఎత్తి రాయి సరిగా కట్టి చూపించింది. నేను ఆమె కొంగు వదల్లేదు. ఆమె అరచెయ్యి నా తల మీద పెట్టి ఒక్కసారి కిందికి అదిమింది. తర్వాత ఎంతమంది ఆశీర్వదించారో, ఏ చెయ్యీ అంత బరువుగా లేదు. ఆ చెయ్యి కావాలని ఈ వయసులో కూడా అనిపిస్తుంది, ఒంట్లో బాగాలేని రోజున మరీను.

ఆమె పోయాక బాపు రెక్కలు విప్పుకుంటాడని ఊరంతా అనుకుంది. మొదటి రోజుల్లో గట్టిగానే పాడాడు. తర్వాత పాట తగ్గింది, తర్వాత మాట తగ్గింది. కావడి ఒరిగి చేపలు దారిలో పడిపోయేవి. వెనక్కి తిరిగి ఏరుకునేవాడు కాదు. వల చిరిగితే కుట్టేవాడు కాదు. "కూసో" అనేవాళ్ళు లేక ఆయన రోజంతా కూర్చునే ఉండేవాడు. నేను తమ్ముణ్ణి ఎత్తుకుని జొన్నగట్క కలిపి ముందు పెడితే, ఎవరో పరాయింటి పిల్లల్ని చూసినట్టు మమ్మల్ని చూసేవాడు. గుట్టల్లో ఇంకా పోరాటం నడుస్తూనే ఉంది, ఇప్పుడు మిలిటరీతో. దోస్తు దగ్గర్నుంచి మళ్ళీ కబురొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే బాపు కావడి ఎత్తుకున్నాడు. పొడిగంప నిండుగా ఉంది, పైన గుడ్డ కప్పి ఉంది. రోజూలాగే చేపలు అమ్మపోతున్నాడని ఊళ్ళో ఎవరు చూసినా అనుకుంటారు. నాకు మాత్రం ఏదో తేడాగా కనిపించింది. కావడి వెంట ఈగలు లేవు. "బాపూ, చేపలేవీ?" అని అరిచాను. ఆయన తిరిగి చూడలేదు. రావిర్యాల దారి కాకుండా గుట్టల దారి పట్టాడు. పొడిగంపలో ఉన్నది ఆయన బట్టల మూట అని అప్పుడు అర్థమైంది. నేను తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. పక్కింటి ముసలమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. నా తల మీద పెట్టిన చెయ్యి అబద్ధమాడిందా అన్నదొక్కటే నా గోల. చెయ్యి పెట్టి ఒట్టు తప్పితే తల పగిలిపోతుందని మాకు చెప్పేవాళ్ళు. మాటిమాటికీ నా తల తడుముకున్నాను.

పొద్దు వాలుతుండగా బాపు వచ్చాడు. అదే కావడి, అదే మూట. వాకిట్లో దించి, తడిగంపలోంచి రాయి తీసి గడప పక్కన పెట్టాడు. కాళ్ళు కడుక్కుని "గట్క ఉన్నదానే?" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ దారి పట్టలేదు. మర్నాడు వల కుట్టుకున్నాడు. ఎందుకు తిరిగొచ్చాడో నేను టీచరుద్యోగంలో చేరాక గాని చెప్పలేదు. "అలవాటు కొద్ది రాయి వెట్టుకొని పోయిన బిడ్డా. పారేద్దామని ఎన్నిసార్లు దించిన్నో. తీస్తె మూట ఒరుగుతది, ఉంచుకుంటె నవ్వుతరు. రాయి వెట్టుకొని లడాయికి ఎవడన్న పోతడా?" అని పడిపడి నవ్వాడు. నవ్వు ఆగాక, "అక్క రాయి. ఎట్ల పారేస్త?" అన్నాడు.

అత్తకు ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. బతుకమ్మకు వచ్చింది. వాకిట్లో అడుగుపెట్టగానే కావడి ఎత్తి, రాయి ఎక్కడ కట్టి ఉందో చూసింది. "ఉన్నవా తమ్మీ?" అంది. "ఉన్న అక్కా" అన్నాడు బాపు. ఆ తర్వాత ఏటా అదే మాట, అదే జవాబు. అత్తకు అక్కడ పిల్లలు పుట్టారు, పొలం పెరిగింది. ఒళ్ళు కాస్త నిండి, గట్టిగా నవ్వడం కూడా నేర్చుకుంది. రావిర్యాలలో ఆమె ఆరబోసిన మిరపకాయల మధ్య కూర్చుని నేను ఎన్ని సెలవులు గడిపానో. వచ్చేటప్పుడు ప్రతిసారీ తల మీద ఆ చెయ్యి పడేది. ఇప్పుడు అత్త లేదు, బాపు లేడు. ఆమె పొలమున్న వైపంతా రోడ్లు, షెడ్లు, ప్లాట్ల రాళ్ళు. మా మనవరాలి ఫ్యాక్టరీ కూడా అక్కడికి దగ్గరే. ఆ రాయి ఇల్లు మార్చినప్పుడు ఎక్కడ పోయిందో ఎంత వెతికినా దొరకలేదు.

నిన్న మళ్ళీ చపాతీలు ఒత్తుతూ, ఆరోజు ఆగిపోయిన ప్రశ్న అడిగాను. "అంత చిన్న తోక అంత పెద్ద విమానాన్ని ఎట్లనే పట్టేది?"

"దూరముంటది గద అమ్మమ్మా" అంది మనవరాలు, ఫోనులోంచి తల ఎత్తకుండానే. "దూరముంటె జరంత బలం సాలు."

నా చెయ్యి కర్ర మీద ఆగిపోయింది. రావిర్యాల గాలికి అత్త మాట అంటుకుని ఉందేమో అనిపించింది. అత్త పోయి చాలా ఏళ్ళైంది. ఇన్నేళ్ళు అడ్డం పడి ఆమె నాకు చాలా దూరమైపోయింది. అంత దూరమైంది కాబట్టే కాబోలు, ఇప్పుడు ఒక్కసారి తలుచుకుంటే చాలు, నెత్తి మీద ఆ చెయ్యి బరువు తెలుస్తుంది. ఉన్న అత్తా, ఇంకా ఉన్న.